సర్వర్ పెట్టొచ్చు, కానీ ముందు వైరు లాగండి

ప్రశ్న: మాది కర్నూలు పాతబస్తీలో తాతలనాటి ఇల్లు. కింద మేము నలుగురం, మిద్దె మీద మా మరిది వాళ్ళు, వెనక గదిలో బ్యాంకు కోచింగ్‌కి వెళ్ళే ఇద్దరు అమ్మాయిలు అద్దెకు ఉంటారు. అందరికీ కలిపి ఒకటే ఫైబర్ కనెక్షన్, 100 ఎంబీపీఎస్ ప్లాన్. రాత్రి 8 అయితే చాలు, ఎవరి ఫోన్ చూసినా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నువ్వు వాడుతున్నావంటే నువ్వు వాడుతున్నావని రోజూ మాటలు. మా ఆయన ఒకప్పుడు నెట్ సెంటర్ నడిపారు. అప్పటి సర్వర్ సీపీయూ అటక మీద ఉంది. దాన్ని దించి పెడితే అందరికీ సమానంగా పంచవచ్చు అంటున్నారు. ఇంటర్ చదివే మా అబ్బాయి తనే చేస్తానని కూర్చున్నాడు. నిజంగా పనికొస్తుందా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? పిల్లవాడు రాత్రి రెండింటి దాకా ఫోన్ చూడకుండా దాంతో ఆపవచ్చా? ఇంకో మాట. వీధి మొదట్లో కిరాణా కొట్టాయన తనకూ ఒక వైరు లాగి ఇమ్మని, నెలకు 200 ఇస్తానని అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, మీ ఆయన ఆలోచన మంచిదే. కాకపోతే మీ ఇంట్లో గొడవలు నెట్ పంచే యంత్రం లేకపోవడం వల్ల రావడం లేదు. పంచడం ఇప్పటికే జరుగుతోంది. గోడకు బిగించిన ఆ ఫైబర్ డబ్బా ఆ పనే చేస్తోంది. ఎవరికి ఎంత అన్న లెక్క మాత్రం దానికి లేదు, ఎవరు ముందు లాగితే వాళ్ళదే. ఆ లెక్కను సర్వర్ చక్కగా చూస్తుంది. కానీ తాతలనాటి ఇల్లు అన్నారు కదా, మీకు ఇంకో అనుమానం కూడా ఉండాలి. రాతిగోడ. దాన్ని ఏ సర్వరూ దాటించలేదు. ఈ రెండింటిలో మీ జబ్బు ఏదో తేల్చుకోకుండా అటక మీద చేయి పెట్టకండి.

తేల్చుకోవడం కష్టం కాదు. రాత్రి 8 గంటలకు, సరిగ్గా గొడవ మొదలయ్యే వేళకు, ఒక ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా ఫైబర్ డబ్బాకు కలపండి. ఐదు నిమిషాలు అందరినీ ఫోన్లలో వైఫై ఆపమనండి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చేయండి. 90 పైన వస్తే లైను బాగున్నట్టే. 20, 30 దగ్గర ఆగితే తప్పు బయటి లైనులో ఉంది, అది కంపెనీ వాళ్ళకు ఫిర్యాదు చేయాల్సిన విషయం, ఇంట్లో ఏం పెట్టినా మారదు. లైను బాగుందని తేలాక అదే ల్యాప్‌టాప్ తీసుకుని వైఫైతో అమ్మాయిల గదిలో ఒకసారి, మిద్దె మీద ఒకసారి కొలవండి. డబ్బా దగ్గర 94 వచ్చి వెనక గదిలో 6 వస్తే, మిగతా 88 గోడ తినేసిందన్నమాట.

మూడో పరీక్ష ముఖ్యమైనది, దీన్ని ఎవరూ చేయరు. మళ్ళీ వైరుతోనే కలిపి, ల్యాప్‌టాప్‌లో పింగ్ (చిన్న సందేశం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని కొలిచేది) పెట్టి చూస్తూ ఉండండి. మామూలుగా 10, 20 మిల్లీసెకన్లు చూపిస్తుంది. ఇప్పుడు ఎవరైనా ఒకరు ఫోన్‌లో పెళ్ళి వీడియోల్లాంటి పెద్ద ఫైళ్ళను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాలి. పింగ్ 20 నుంచి 300కి, 500కి ఎగబాకితే మీ ఇంటి గొడవకు అసలు కారణం దొరికినట్టే. వేగం తక్కువై కాదు, వరస పెరిగి నెట్ ఆగుతోంది. ఒక ఫోన్ పంపే డేటా అంతా డబ్బాలో పేరుకుపోయి, మిగతా అందరి చిన్న చిన్న అవసరాలు దాని వెనక నిలబడిపోతున్నాయి. అమ్మాయిల ఆన్‌లైన్ క్లాసు ముక్కలు ముక్కలుగా రావడం, బయట ఉన్నవాళ్ళకు వాట్సాప్ కాల్ చేస్తే మాట తెగిపోవడం దీని వల్లే. నెట్‌వర్క్ ఇంజనీర్లు దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీర్ తన ఇంట్లో ఇదే గమనించి అందరి దృష్టికీ తెచ్చారు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ దీనికి మందు రాశారు. ఆ మందు ఇప్పుడు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. మీ అటక మీది సీపీయూకు నేను పని ఇస్తున్నది దీని కోసమే.

మీ ఆయన నెట్ సెంటర్ రోజుల్ని తలచుకుని సర్వర్ అంటున్నారు కాబట్టి అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పాలి. ఆ రోజుల్లో మోడెం ఒక్క కంప్యూటర్‌కే నెట్ ఇచ్చేది. దాన్ని కౌంటర్ మీది కంప్యూటర్‌కు తగిలించి, రెండో ల్యాన్ కార్డు (నెట్ వైరు తగిలించే కార్డు) నుంచి హబ్ అనే పంపకం పెట్టెకు వైరు వేసి, మిగతా సిస్టమ్‌లకు పంచేవారు. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఆ పంపకం చేసే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ వాళ్ళే కలిపి ఇచ్చారు. చూసిన పేజీలను సర్వర్‌లో దాచిపెట్టి రెండోవాడికి త్వరగా చూపించే ఏర్పాటు కూడా కొన్ని సెంటర్లలో ఉండేది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం వేసిన హెచ్‌టీటీపీఎస్‌లోనే వస్తాయి. మధ్యలో ఉన్న సర్వర్‌కు ఆ పేజీలో ఏముందో కనబడదు, దాచడమూ కుదరదు. అందుకని పాత నెట్ సెంటర్ పద్ధతిని అలాగే దించి పెడితే మీకు ఒరిగేది ఏమీ ఉండదు. యంత్రం పాతదే ఉండనివ్వండి, పద్ధతి మాత్రం కొత్తది కావాలి.

ఒకే కనెక్షన్‌ను ఇంతమంది ఎలా వాడుకోగలుగుతున్నారో అబ్బాయికి తెలిసి ఉండాలి, లేకపోతే ఎక్కడో ఒకచోట చిక్కుకుంటాడు. నెట్‌లో ఉండే ప్రతి పరికరానికీ ఒక అంకెల అడ్రస్ కావాలి, దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. పాత ఐపీ పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రస్‌లు సుమారు 430 కోట్లు. ఫోన్‌కు ఒకటి చొప్పున ఇవ్వడానికి అవి చాలవు. అందుకే ఇళ్ళలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి విడిగా పెట్టారు. వాటిని ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవచ్చు, బయట చెల్లవు. ఉమ్మడి ఇంటికి డోర్ నంబర్ ఒకటే ఉన్నా, వచ్చిన ఉత్తరం ఏ కోడలిదో, ఏ మనవడిదో వాకిట్లో కూర్చున్న అవ్వకు తెలుస్తుంది కదా. రూటర్ చేసే పని అదే. లోపలి నుంచి ఏ ఫోన్ ఏం అడిగిందో ఒక పట్టీలో రాసుకుంటుంది, జవాబు వచ్చినప్పుడు ఆ పట్టీ చూసి సరైన ఫోన్‌కు అందిస్తుంది. దీని పేరు నాట్. మీ సీపీయూ కూడా ఇదే చేస్తుంది.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు ముందు వైర్లు.

పాతబస్తీ ఇళ్ళ గోడలు మూరెడు మందం ఉంటాయి. కింద బేతంచెర్ల బండలు, పైన మట్టి మిద్దె. వేసవిలో చల్లగా ఉంటుంది, వైఫైకి మాత్రం అంత గోడ దాటడం పెద్ద పరీక్ష. వైఫై వాడే తరంగాల్లో వేగం ఎక్కువ ఉండే 5 గిగాహెర్ట్జ్ రకం ఒక గోడకే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దూరం పోతుంది కానీ సందులో అటూ ఇటూ ఉన్న ఇళ్ళ వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. కొట్టులో అమ్మే ఎక్స్‌టెండర్లు కొనకండి. నీరసంగా అందిన సిగ్నల్‌నే పట్టుకుని మళ్ళీ వదులుతాయి, పైగా చాలా వాటిలో ఉన్న వేగం కూడా సగానికి పడిపోతుంది. కింది ఇంటికి, మిద్దె మీదకి, అమ్మాయిల గదికి ఒక్కొక్క క్యాట్ 6 రకం నెట్‌వర్క్ వైరు లాగించండి. ఒక్కో వైరు 100 మీటర్ల దాకా నిక్షేపంగా పనిచేస్తుంది, మీ ఇంటికి అంత దూరం ఉండదు. గోడ కొట్టక్కర్లేదు, కిటికీ చట్రం పక్క నుంచో, డిష్ వైరు వెళ్ళిన కన్నం నుంచో తీసుకోవచ్చు. మిద్దె మీదికి వెళ్ళే వైరు పిట్టగోడ బయట వేలాడేటట్టయితే ఎండకు తట్టుకునే బయటి రకం వైరే అడగండి. మామూలు వైరు పైతొడుగు కర్నూలు ఎండకు పెళుసెక్కి పగిలిపోతుంది. రాగి వైరు పిడుగు పోటును కూడా లోపలికి మోస్తుంది కాబట్టి వీలైనంత వరకు ఇంటి లోపల నుంచే మెట్ల వెంబడి తీసుకుపొమ్మనండి. ఉరుములు మొదలైనప్పుడు మిద్దె వైరు పీకేయడం అలవాటు చేసుకుంటే మంచిది.

ఇప్పుడు అసలు సలహా. చాలామంది ఈ పనిలో ప్రతి ఫోన్‌కూ సమాన వాటా అనుకుని మొదలుపెడతారు. మీ ఇంటికి అది న్యాయం కాదు. కింద మీరు నలుగురు, ఫోన్లూ టీవీ కలిపి ఏడెనిమిది పరికరాలు ఉంటాయి. వెనక గదిలో ఆ అమ్మాయిలవి రెండే ఫోన్లు. ఫోన్‌కు ఒక వాటా అంటే ఎక్కువ ఫోన్లున్న వాళ్ళదే పైచేయి అవుతుంది. వాటా ఇంటికి ఇవ్వాలి. మీకొకటి, మరిది వాళ్ళకొకటి, అమ్మాయిలకొకటి. అలా చేయడం సులువు కూడా. మూడు చోట్లా మూడు మామూలు వైఫై రూటర్లు పెట్టండి, పాతవైనా ఫరవాలేదు, 100 ఎంబీపీఎస్‌కు తట్టుకుంటే చాలు. ప్రతిదాన్నీ రూటర్‌గానే ఉంచి, సర్వర్ నుంచి వచ్చిన వైరును దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు పెట్టే చోట) పెట్టండి. అప్పుడు సర్వర్‌కు మిద్దె మీద ఎన్ని ఫోన్లున్నాయో తెలియదు. దానికి కనబడేది మూడు రూటర్లు, అంటే మూడు కుటుంబాలు. వాటా వాటికే పోతుంది. ఇంకో లాభం, ఒక రూటర్ వెనక ఉన్నవాళ్ళకు ఇంకో రూటర్ వెనక ఉన్న టీవీ, ప్రింటర్, ఫోన్ కనబడవు. అద్దెకున్న ఆడపిల్లలకు అది ఎంత అవసరమో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

వరస ఇలా ఉంటుంది. ఫైబర్ డబ్బా నుంచి ఒక వైరు సీపీయూలోని మొదటి ల్యాన్ కార్డుకు. రెండో ల్యాన్ కార్డు నుంచి ఐదు పోర్టుల నెట్‌వర్క్ స్విచ్చికి, అంటే ఒక వైరును చాలా వైర్లకు పంచే చిన్న పెట్టెకు. స్విచ్చి నుంచి మూడు రూటర్లకు. అంతే. కానీ ఫైబర్ డబ్బాలో ఉన్న సొంత వైఫైని తప్పనిసరిగా ఆపేయండి. దాన్ని అలాగే వదిలేస్తే పాత పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఫోన్ సర్వర్‌ను తప్పించుకుని నేరుగా నెట్ లాగేస్తుంది, మీరు చేసిన ఏర్పాటంతా పక్కన కూర్చుంటుంది.

సీపీయూ దించాక వెంటనే కరెంటు పెట్టకండి. మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులపండి, మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉంటే సరే. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డును వాడకండి, ఇరవై నాలుగు గంటలు నడవాల్సిన యంత్రానికి అది పనికిరాదు. నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి, ఇన్నేళ్ళకు అది అయిపోయే ఉంటుంది. రెండో ల్యాన్ కార్డు లేకపోతే కొనాలి. నెట్ సెంటర్ నాటి కార్డులు 100 ఎంబీపీఎస్ రకం కావచ్చు, మీ ప్లాన్‌కు అవి సరిపోతాయి, రేపు 200 ప్లాన్‌కు మారితే చాలవు. తర్వాత బయోస్‌లోకి (సీపీయూ ఆన్ కాగానే తెరవగలిగే మూల సెట్టింగుల్లోకి) వెళ్ళి, కరెంటు పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే ఎంపిక పెట్టండి. కీబోర్డు లేకపోయినా ఆగకుండా లేచే ఎంపిక కూడా ఉంటుంది, అదీ పెట్టండి. ఈ రెండూ చేయకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు వెళ్ళి మీట నొక్కాలి.

లోపల వేయాల్సింది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. ఇది రూటర్ల కోసమే తయారైన లైనక్స్, ఉచితం. డెస్క్‌టాప్ సీపీయూలకూ దీని రకాలున్నాయి, మరీ పాత యంత్రానికి 32 బిట్‌ది తీసుకోవాలి. చాలా చిన్నది, 128 ఎంబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. డెబియన్ అనే మామూలు లైనక్స్ వేసి నెట్ పంచే సెట్టింగులన్నీ చేతితో రాసుకోవచ్చు. అబ్బాయికి నేర్చుకోవాలని ఉంటే అది గొప్ప పాఠం. కానీ ఇంట్లో ఎనిమిదీ పదిమంది ఆధారపడే దారి కాబట్టి బ్రౌజర్‌లో తెరిచి మార్చుకోగలిగిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనే నేను చెబుతాను. అతను ఊళ్ళో లేని రోజు మీరైనా తెరిచి చూడగలగాలి.

ఇక్కడే అందరూ బోర్లాపడే చోటు ఒకటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తనకు తానే 192.168.1.1 అనే అడ్రస్ పెట్టుకుంటుంది. చాలా ఫైబర్ డబ్బాల అడ్రస్ కూడా 192.168.1.1. రెండూ కలిస్తే ఏది లోపలో ఏది బయటో తెలియక నెట్ అసలు రాదు, పిల్లవాడు రాత్రంతా కార్డు చెడిపోయిందని, వైరు చెడిపోయిందని వెతుకుతూ కూర్చుంటాడు. డబ్బాకు కలపకముందే సర్వర్ లోపలి అడ్రస్‌ను 192.168.10.1కి మార్చమనండి. మూడు రూటర్ల లోపలి అడ్రస్‌లు కూడా 10 కాకుండా 20, 30, 40 అని వేరువేరుగా పెట్టుకుంటే తర్వాత ఏ ఫోన్ ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది.

నెట్ వచ్చాక వరసను అదుపు చేసే ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేయాలి. అందులో కేక్ అనే పద్ధతి ఉంటుంది, ఇందాక చెప్పిన మందు కోవలోదే, 2018 నుంచి లైనక్స్‌లోనే కలిసిపోయింది. బయటి ల్యాన్ కార్డును ఎంచుకుని, డౌన్‌లోడ్, అప్‌లోడ్ గళ్ళలో వేగం రాయాలి. మీకు వైరుతో 94 వచ్చిందనుకోండి, 94 రాయకూడదు. 85 ఎంబీపీఎస్, అంటే ఆ గడిలో 85000 అని రాయాలి. తొమ్మిది ఎంబీపీఎస్ ఎందుకు వదులుకోవాలని మీ ఆయన అడుగుతారు. వదులుకుంటేనే వరస ఫైబర్ డబ్బాలో కాకుండా సర్వర్‌లో ఏర్పడుతుంది, సర్వర్‌లో ఏర్పడితేనే దాన్ని న్యాయంగా నడిపించగలం. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ ఎంపికల్లో లోపలికి వచ్చేదానికి నాట్, డ్యూయల్‌-డీఎస్‌టీహోస్ట్ అనీ, బయటికి వెళ్ళేదానికి నాట్, డ్యూయల్‌-ఎస్‌ఆర్‌సీహోస్ట్ అనీ పెట్టాలి. ఇంటికొక వాటా అన్నది జరిగేది ఈ రెండు మాటలతోనే. ఇవి లేకపోతే కేక్‌కు ఏ డౌన్‌లోడ్ ఏ ఇంటిదో తెలియదు, ఒకేసారి చాలా చోట్ల నుంచి డౌన్‌లోడ్లు పెట్టినవాళ్ళకు ఎక్కువ వాటా పోతుంది.

ఇలా చేస్తే ఎవరి నెట్‌నూ కట్టేసినట్టు కాదు. మధ్యాహ్నం ఇంట్లో అమ్మాయిలు మాత్రమే ఉంటే మొత్తం 85 వాళ్ళదే. మూడు ఇళ్ళూ ఒకేసారి గట్టిగా లాగినప్పుడే తలా 28 అవుతుంది. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్ చాలు. 28లో టీవీ, రెండు ఫోన్లు, ఒక ఆన్‌లైన్ క్లాసు హాయిగా నడుస్తాయి. 100 ప్లాన్ మీ ఇంటికి తక్కువేమీ కాదు, డబ్బు పెట్టి 300కి మారమని ఎవరైనా చెప్తే ఇది చేసి చూశాకే ఆలోచించండి. పెట్టాక మొదట చేసిన మూడో పరీక్ష మళ్ళీ చేయండి. ఎవరు ఎంత పెద్ద వీడియో ఎక్కిస్తున్నా పింగ్ 20, 30 దాటకూడదు. దాటితే 85ను 80కి తగ్గించి చూడండి.

కరెంటు సంగతి. ఆ కాలం సీపీయూ ఖాళీగా ఉన్నా సుమారు 80 వాట్లు లాగుతుంది. రోజంతా నడిస్తే దాదాపు 2 యూనిట్లు, నెలకు 58 యూనిట్ల దాకా. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే పద్ధతి కనుక ఈ 58 మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన పైశ్లాబులోనే పడతాయి. అదే పని 10 వాట్ల చిన్న రూటర్ చేస్తే నెలకు 7 యూనిట్లే. నా మాట వింటే అటక మీది సీపీయూతో ఒక నెల నడపండి, అబ్బాయి నేర్చుకుంటాడు, ఇంట్లో గొడవ తగ్గిందో లేదో కూడా తెలుస్తుంది. తగ్గితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పనిచేసే రూటరో, రెండు ల్యాన్ పోర్టులున్న పాత మినీ పీసీయో కొని అవే సెట్టింగులు దాంట్లో పెట్టేయండి. కరెంటులో మిగిలే డబ్బు కొంతకాలానికి దాని ఖరీదుకు సరిపోతుంది. చిన్న యంత్రమైతే ఫైబర్ డబ్బాతో పాటు ఇన్వర్టర్ మీద చాలాసేపు నడుస్తుంది, 80 వాట్ల సీపీయూ పెడితే రాత్రి ఫ్యాన్ ముందే ఆగిపోతుంది. మే నెలలో మూసి ఉన్న అల్మారాలో పెట్టకండి, గాలి ఆడాలి. నేల మీద కూడా వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీలోకి వచ్చిన రోజులు మీ ఇంట్లో అందరికీ గుర్తుండే ఉంటాయి. గోడకు ఎత్తులో ఒక బల్ల కొట్టించి దాని మీద పెట్టండి.

సర్వర్ ఎలాగూ నడుస్తోంది కదా అని సినిమాలు, ఫోటోలు అందులోనే దాచాలని అనిపిస్తుంది. వద్దు. దారి చూపే యంత్రం దారి మాత్రమే చూపాలి. ఫోటోలకని ఏదో మార్చబోతే ఇల్లంతా నెట్ ఆగుతుంది. ఆ సరదా ఉంటే ఇంకో పాత ల్యాప్‌టాప్ తీసుకుని విడిగా చేసుకోండి. కీవిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను మొత్తం అందులోకి దించుకుని నెట్ లేకుండానే చదవవచ్చు, చదువుకునే పిల్లలున్న ఇంటికి అది మంచి ఆస్తి.

ఇప్పుడు పిల్లవాడి సంగతి. సర్వర్‌లోనే కాదు, కింది రూటర్‌లో కూడా ఫలానా వేళకు నెట్ ఆపే ఎంపిక ఉంటుంది. ఒక్క వాడి ఫోన్‌కే పెట్టాలంటే చిక్కుంది. ఈ రోజుల్లో ఫోన్లు తమ మ్యాక్ అడ్రస్‌ను (రూటర్ ఒక్కో ఫోన్‌ను గుర్తుపట్టే నంబరును) మార్చి చూపిస్తాయి, నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని మళ్ళీ కలిస్తే కొత్త ఫోన్‌లా కనబడవచ్చు. పైగా మొబైల్ డేటా ఉండనే ఉంది, దాన్ని ఏ సర్వరూ ఆపలేదు. అందుకని నేనిచ్చే సలహా వేరు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కింది వైఫై మొత్తం ఆగేలా పెట్టండి, మీ ఫోన్, మీ ఆయన ఫోన్‌తో సహా. ఆ గంటలు కూర్చుని మాట్లాడుకుని అబ్బాయి చేతనే పెట్టించండి. ఇంటికంతా నెట్ ఏర్పాటు చేసే పని పదిహేడేళ్ళ పిల్లవాడి చేతిలో పెడుతున్నారు, అతని మీద ఆ నమ్మకం ఉంచితే ఆ నియమాన్ని నిలబెట్టుకునే అవకాశం ఎక్కువ. అప్పటికీ రెండింటి దాకా మేలుకుంటుంటే కారణం ఫోన్ కాకపోవచ్చు, చదువు భయమో ఇంకేదో ఉండవచ్చు, అప్పుడు అడగాల్సింది వాడిని.

ఇంకో మాట మీరు అడగలేదు, అయినా చెప్పాలి. సర్వర్‌లో ఏ రూటర్ వెనక నుంచి ఏ సైటు తెరిచారో పేర్లు చూసే వీలుంటుంది. లోపల ఏం చదివారో కనబడకపోయినా పేర్లు చాలు, మనిషి గురించి చాలా చెబుతాయి. ఆ అమ్మాయిలు ఏ డాక్టర్ సైటు చూశారో, ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకునే హక్కు ఇంటి యజమానికి లేదు, సర్వర్ నడిపే పిల్లవాడికి అసలే లేదు. డీఎన్ఎస్ లాగ్, అంటే ఆ సైట్ల పేర్ల చిట్టా, ఆపేసి ఉంచండి. ఆపామని ఆ అమ్మాయిలకు నోటితో చెప్పండి. వాళ్ళ రూటర్ పాస్‌వర్డ్ వాళ్ళనే పెట్టుకోనివ్వండి.

కిరాణా కొట్టాయనకు వైరు ఇవ్వకండి. కనెక్షన్ మీ ఇంటివాళ్ళ పేరు మీద ఉంటుంది. ఆ వైరు మీదుగా ఎవరు ఏ మోసం చేసినా, ఏ బెదిరింపు పంపినా బయటకు కనబడేది మీ ఇంటి అడ్రస్సే, మొదట వచ్చి అడిగేది మీ వాకిట్లోనే. రెండోది, డబ్బు తీసుకుని బయటివాళ్ళకు ఇంటర్నెట్ ఇవ్వడం ప్రభుత్వ అనుమతి ఉండాల్సిన వ్యాపారం, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అదే చెబుతోంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో తిరిగి అమ్మకూడదన్న షరతు ఉండే ఉంటుంది, తీసి చదవండి. అద్దెలో కలిపి అమ్మాయిలకు ఇస్తున్న దాని గురించి కూడా అందులో ఏం రాసిందో చూసుకోండి, నెట్‌కని విడిగా డబ్బు మాత్రం వసూలు చేయకండి. ఆ కొట్టాయనకు కావాల్సింది ఫోన్‌పే, గూగుల్ పే మోగడమే అయితే దానికి డేటా ఎంతో పట్టదు, ఆయన ఫోన్ సిమ్మే చాలు. నిజంగానే వీధిలో నెట్ పంచి నాలుగు రూపాయలు సంపాదించాలని మీకుంటే సరైన దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న పీఎం-వాణి పథకంలో చిన్న కొట్టు కూడా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి వైఫై అమ్మవచ్చు, దానికి లైసెన్సు, రిజిస్ట్రేషన్, రుసుము అక్కర్లేదు. వాడేవాళ్ళు యాప్ ద్వారా తామెవరో నమోదు చేసుకుని లోపలికి వస్తారు, లెక్కలు ఇలాంటి కొట్లన్నిటినీ కలిపి చూసే అగ్రిగేటర్ సంస్థ చూస్తుంది. కాకపోతే దానికి ఇంటి ప్లాన్ పనికొస్తుందా లేదా అన్నది ముందు మీ కంపెనీని అడిగి తెలుసుకోవాలి. అది ఆ కొట్టాయనే పెట్టుకుంటే ఇంకా బాగు, కొట్టు ఆయనది, మనుషులు వచ్చేది అక్కడికి.

పని మొదలుపెట్టే ముందు ఫైబర్ డబ్బా సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి, కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి డబ్బా వెనక అతికించండి. ప్రతి వైరు రెండు కొసలకూ ఏది ఎక్కడికో రాసిన చీటీ చుట్టండి. ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది, ఎక్కడైనా ఆగిపోతే ఫైబర్ డబ్బా వైఫైని మళ్ళీ వేసేస్తే ఎప్పటిలాగే నెట్ వస్తుంది. అమ్మాయిలకు బ్యాంకు పరీక్ష ఉన్న వారంలో మాత్రం దేన్నీ ముట్టుకోకండి.